సెన్సార్ మీద పడే నింద

పాత పికప్ ట్రక్కుకు ఇంజిన్ కంప్యూటర్ పాడైంది. యజమాని తుక్కు యార్డుకు వెళ్లి, అదే రకం బండిలోంచి అదే నంబరున్న పెట్టెను ఊడదీసుకొచ్చి బిగించాడు. బండి స్టార్టయింది, బాగానే లాగుతోంది. రెండు మూడు రోజులు గడిచాక డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ పేరు చెప్పింది. ఆ సెన్సార్ మార్చాడు. లైటు ఆరి, మళ్లీ వెలిగింది. ఈసారి ఇంకో సెన్సార్ పేరు. అలా నాలుగూ మార్చినా లైటు మాత్రం పోలేదు. అమెరికాలో ఇరవయ్యేళ్లు దాటిన ట్రక్కులు నడిపేవాళ్లలో చాలామంది ఈ దారి తొక్కినవాళ్లే.

కంప్యూటర్ మార్చిన తర్వాత వచ్చే ఎమిషన్ కోడ్‌ను, అంటే పొగ కాలుష్యానికి సంబంధించిన తప్పు నంబరును, మామూలు బండిలో వచ్చే కోడ్‌లా చదవకూడదు. మామూలు బండిలో నిన్నటిదాకా అన్నీ కుదిరి ఉన్నాయి, ఇవాళ ఏదో ఒకటి చెడింది. కంప్యూటర్ మార్చిన బండిలో మాత్రం ఏదీ చెడకపోయినా కోడ్ రావచ్చు. కొత్త పెట్టె తన పాత బండిలోని ఇంజెక్టర్లనూ వైర్లనూ సెన్సార్లనూ మనసులో పెట్టుకుని ఈ బండితో మాట్లాడుతుంది. జవాబు పొంతన కుదరక తప్పు నమోదు చేస్తుంది. ఆ తప్పు సెన్సార్ పేరిట పడుతుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ వీలైనంతవరకు 1999 నుంచి 2006 వరకు వచ్చిన షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా తరం నుంచి తీసుకుంటాను. ఇప్పటికీ రోడ్ల మీద విస్తారంగా తిరుగుతున్న బండ్లు అవి. వాటి కంప్యూటర్ల లోపలి సంగతులు బయటి మెకానిక్కులకు కూడా బాగా తెలుసు.

లైటు వెలిగితే ఏమవుతుంది, బండి నడుస్తోంది కదా అనిపించవచ్చు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలంటే సైలెన్సర్‌లోకి గొట్టం పెట్టి పొగ కొలుస్తారు. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ ఓబీడీ-2 అనే స్వయం తనిఖీ ఏర్పాటు తప్పనిసరి. పరీక్ష పెట్టే చాలా రాష్ట్రాల్లో ఇలాంటి బండ్లకు గొట్టం పెట్టరు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు తీగ తగిలించి కంప్యూటర్నే అడుగుతారు. లైటు వెలుగుతుంటే ఫెయిల్. టెక్సస్‌లో 17 కౌంటీల్లో 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు బండ్లకు ఈ పరీక్ష ఉంది. తెలుగువాళ్లు గుంపుగా స్థిరపడిన డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీలు, హ్యూస్టన్ వైపు ఫోర్ట్ బెండ్, ఆస్టిన్ వైపు విలియమ్సన్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పరీక్ష దాటకపోతే బండి రిజిస్ట్రేషన్ కొనసాగదు. కాలిఫోర్నియాలో ఇంకా గట్టి. అక్కడ 1976 మోడల్ నుంచి పెట్రోలు బండ్లకు స్మాగ్ పరీక్ష ఉంది, వయసు పెరిగిందని వదలరు.

ఇప్పుడు ఆ పెట్టె సంగతి. బయట కనిపించేది అల్యూమినియం డబ్బా, దాని మీద ఒక నంబరు. ఆ నంబరు కలిస్తే పెట్టె కలిసినట్టేనని నమ్మడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి. నంబరు చెప్పేది లోపలి బోర్డు గురించి మాత్రమే. బోర్డు మీద ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దాని పైన క్యాలిబ్రేషన్ అనే పట్టికల కట్ట, వాటితో పాటు బండి గుర్తింపు సంఖ్య, కొన్ని బండ్లలో దొంగతనం నిరోధించే తాళం ఉంటాయి. జీఎం అభిమానులు ‘0411’ అని ముద్దుగా పిలుచుకునే పెట్టె దీనికి మంచి ఉదాహరణ. దాని పూర్తి సర్వీస్ నంబరు 12200411. అదే పెట్టె ట్రక్కుల్లోనూ ఉంది, స్పోర్ట్స్ కార్లలోనూ ఉంది. పాత 5.7 లీటర్ల వోర్టెక్ ఇంజిన్‌తో వచ్చిన ఎక్స్‌ప్రెస్ వ్యాన్లలో చివరి సంవత్సరాల్లో జీఎం దాన్నే వాడింది. ఆ ఆధారంతోనే 1996-99 నాటి ట్రక్కుల్లో నాలుగు కనెక్టర్ల నల్ల పెట్టె తీసేసి, వైర్లు కొత్తగా పిన్ను చేసి దీన్ని పెట్టుకోవడం ఒక ఆనవాయితీగా మారింది. పెట్టె ఒకటే అయినా లోపలి పట్టికల్ని బట్టి అది నాలుగు ఆక్సిజన్ సెన్సార్లు ఉన్నాయనుకుంటుంది, లేదా రెండే ఉన్నాయనుకుంటుంది. ట్యాంకులో పీడనం కొలిచే సెన్సార్ ఉందనుకుంటుంది, లేదా ఆ ఊసే ఎత్తదు.

అందుకే మొదటి పని సెన్సార్ల దగ్గర కాదు. స్కానర్‌తో కంప్యూటర్‌లోని గుర్తింపు సంఖ్యనూ క్యాలిబ్రేషన్ సంఖ్యల్నీ చదివి, బండి తలుపు మీదున్న వివరాలతో పోల్చాలి. సిల్వరాడోలోనే ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే దీనిలో పడి నలిగినవాళ్లు ఎక్కువ. 5.3 లీటర్ల ఇంజిన్‌లో రెండు రకాలు. గుర్తింపు సంఖ్యలో ఎనిమిదో అక్షరం ‘టీ’ అయితే మామూలు పెట్రోలు ఇంజిన్, ‘జెడ్’ అయితే ఇథనాల్ కలిపిన ఇంధనం కూడా తాగగల ఫ్లెక్స్ ఫ్యూయెల్ ఇంజిన్. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి ఎక్కువ పోయాలి. అందుకని ‘జెడ్’ బండికి పెద్ద ఇంజెక్టర్లు ఇచ్చారు. ఇప్పుడు ‘జెడ్’ బండి కంప్యూటర్ తెచ్చి ‘టీ’ బండికి పెట్టామనుకోండి. తన చేతి కింద పెద్ద ఇంజెక్టర్లు ఉన్నాయన్న లెక్కతో అది వాటిని తక్కువసేపు తెరుస్తుంది. నిజానికి ఉన్నవి చిన్నవి. రెండు వైపులా సిలిండర్లకు పెట్రోలు చాలదు. మెకానిక్కులు దీన్నే లీన్ అంటారు. ఆక్సిజన్ సెన్సార్లు గాలి మిగిలిపోతోందని ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. పీ0171, పీ0174 కోడ్లు జంటగా వస్తాయి. ఇంధన మిశ్రమాన్ని కొలిచే సెన్సార్ దొరకలేదంటూ పీ0178 కూడా తోడు రావచ్చు. ఇక్కడ ఏ సెన్సార్ మార్చినా అదే చెబుతుంది. నిజం చెప్పినందుకు దాన్ని ఊడబీకడం నాకు ఎప్పుడూ బాధగా అనిపిస్తుంది.

ఆక్సిజన్ సెన్సార్ పనితీరు కొంచెం తెలిస్తే మిగతాది సులువు. బాష్ సంస్థ తయారుచేసిన ఈ సెన్సార్ 1976లో వోల్వో కార్లతో మార్కెట్లోకి వచ్చింది. జిర్కోనియా పింగాణీతో చేసిన తొడుగు అది. లోపల బయటి గాలి, వెలుపల ఇంజిన్ పొగ. రెండింటి మధ్య ఆక్సిజన్ తేడా ఉంటే ఆ పింగాణీ చిన్న బ్యాటరీలా కరెంటు పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే సుమారు 0.1. ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి అనే సమపాళ్ల దగ్గర అది 0.45 మీదుగా దూకుతుంది. పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కు ముందున్న సెన్సార్ ఈ రెండు కొసల మధ్య ఊగుతూ ఉండాలి. వెనకది కన్వర్టర్ బాగుంటే 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. అయితే సెన్సార్ 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ మాట్లాడదు.

చల్లని సెన్సార్ మౌనంగా ఉన్నప్పుడు స్కానర్‌లో ఏం కనిపిస్తుందన్నది చాలా ఉపయోగపడే విషయం. జీఎం కంప్యూటర్ ఆ వైరు మీద తానే 0.45 వోల్టు పెట్టి ఎదురుచూస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో తాళం తిప్పి ఇంజిన్ వేయకుండా చూస్తే నాలుగు సెన్సార్లూ 0.45కి దగ్గర్లో కనిపించాలి. ఒకటి సున్నా దగ్గర ఉంటే ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఒకటి 1 వోల్టు దాటి ఉంటే దాని మీదకు ఎక్కడి నుంచో కరెంటు వస్తోంది. వైర్లు కొత్తగా పిన్ను చేసిన బండ్లలో ఈ రెండూ తరచూ దొరుకుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా దీన్ని చూడకుండానే సెన్సార్ కొనేవాళ్లను చూస్తుంటాం. అన్ని కంపెనీలకూ ఈ లెక్క వర్తించదని మరవకూడదు. 1987-90 మధ్య వచ్చిన 4 లీటర్ల జీప్ చెరోకీ, కొమాంచీ బండ్లలో సెన్సార్ టైటానియాతో చేసింది. అది కరెంటు పుట్టించదు, తన నిరోధం మార్చుకుంటుంది, కంప్యూటర్ దానికి 5 వోల్టులు ఇస్తుంది. అలాంటి బండికి తర్వాతి కాలపు కంప్యూటర్ పెట్టి పాత సెన్సార్ ఉంచితే, సెన్సార్ ఎంత కొత్తదైనా ఇద్దరిదీ వేర్వేరు భాష.

హీటర్ కోడ్లు ఇంకో పెద్ద కుటుంబం. సెన్సార్ త్వరగా వేడెక్కడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. పీ0135, పీ0141, పీ0155, పీ0161 నాలుగూ దాని గురించినవే. ముందు రెండూ ఒకటో బ్యాంకు, అంటే సిలిండర్ల ఒకటో వరుస, తర్వాతి రెండూ రెండో బ్యాంకు. ఒక్క కోడ్ వస్తే ఆ సెన్సార్‌నే అనుమానించవచ్చు, మల్టీమీటర్ పెట్టి హీటర్ తెగిందో లేదో నిమిషంలో తేల్చవచ్చు. రెండు మూడు కలిసి వస్తే ఫ్యూజు పెట్టె వైపు నడవాలి. ఈ ట్రక్కుల్లో ఒక ఫ్యూజు మీద ఒకటికి మించిన హీటర్లు ఆధారపడి ఉంటాయి. నాలుగు హీటర్లు ఒకే వారంలో కాలిపోవడం జరగని పని.

కంప్యూటర్ మార్పుతో వచ్చే చిక్కు ఇక్కడ మరీ సూక్ష్మంగా ఉంటుంది. పాతకాలం వైరింగ్‌లో హీటర్‌కు ఒక వైపు ఫ్యూజు నుంచి కరెంటు, మరో వైపు నేరుగా ఎర్తు. తాళం తిప్పగానే వెలుగుతుంది, కంప్యూటర్ ప్రమేయం లేదు. తర్వాతి కాలపు వైరింగ్‌లో ఎర్తు వైపు తీగ కంప్యూటర్ లోపలికే వెళ్తుంది. కంప్యూటర్ దాన్ని కలుపుతూ విడదీస్తూ వేడిని అదుపు చేస్తుంది, ఎంత కరెంటు పారుతోందో కూడా గమనిస్తుంది. ఇలాంటి క్యాలిబ్రేషన్ ఉన్న పెట్టెను పాత వైరింగ్‌కు తగిలిస్తే అది ఖాళీ పిన్ను వైపు చూస్తూ హీటర్ లేదనుకుంటుంది. సెన్సార్ నిజానికి ఎర్రగా కాలుతూ ఉంటుంది. దీనికి విరుగుడు రెండే: ఎర్తు తీగను కంప్యూటర్ దాకా లాగడం, లేదా ఆ బండి వైరింగ్‌కు తగిన క్యాలిబ్రేషన్ రాయించడం. కొత్త సెన్సార్ కొనడం ఈ రెండింటిలోనూ లేదు.

తారుమారైన బ్యాంకుల సంగతి మరీ చిత్రమైనది. వీ8 ఇంజిన్‌లో సిలిండర్లు రెండు వరుసలు. ఒకటో సిలిండర్ ఉన్న వైపు ఒకటో బ్యాంకు. షెవర్లేలో అది డ్రైవర్ వైపు, ఫోర్డ్ వీ8లో పక్క సీటు వైపు. ఈ తేడా తెలియక ఒక వైపు కోడ్‌కు రెండో వైపు సెన్సార్ మార్చినవాళ్లు కోకొల్లలు. అంతకంటే చిక్కు, పిన్నులు మార్చేటప్పుడు ముందు సెన్సార్ల సిగ్నల్ వైర్లు రెండూ ఒకదాని చోట ఒకటి పడటం. అప్పుడేమవుతుందో చూడండి. ఒకటో వైపు కాస్త పెట్రోలు తక్కువైంది. ఆ సంగతి రెండో బ్యాంకు పేరుతో కంప్యూటర్‌కు చేరుతుంది. అది రెండో వైపు పెట్రోలు పెంచుతుంది. ఒకటో వైపు ఇంకా తక్కువగానే ఉంది, కాబట్టి మళ్లీ అదే ఫిర్యాదు, మళ్లీ రెండో వైపే పెంపు. ఇటు పెరిగిన పెట్రోలును చూసిన రెండో వైపు సెన్సార్ ఒకటో బ్యాంకు పేరుతో ఎక్కువైందని చెబుతుంది. కంప్యూటర్ ఒకటో వైపు ఇంకా కోస్తుంది. కొన్ని నిమిషాల్లో, పెట్రోలును ఎంత పెంచిందో కోసిందో చెప్పే సవరణ అంకెలు రెండూ ఎదురెదురు కొసలకు చేరతాయి, ఒకటి ప్లస్ ఇరవై శాతం దాటి, మరొకటి మైనస్ ఇరవై శాతం దాటి. పీ0172, పీ0174 కలిసి వస్తాయి, ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ. ఇంజిన్ సగం పొగ కక్కుతూ, సగం దగ్గుతూ ఉంటుంది. ఎదురెదురు అంకెలు కనిపిస్తే బానెట్ ఎత్తి ఒక వైపు ముందు సెన్సార్ కనెక్టర్ పీకండి. స్కానర్‌లో ఏ బ్యాంకు అంకె 0.45 దగ్గర ఆగిపోయిందో చూస్తే తగవు తీరిపోతుంది.

ఈ సవరణ అంకెలు, అంటే ఫ్యూయెల్ ట్రిమ్‌లు, మొత్తం రోగనిర్ణయంలో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేవి. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే మామూలే. రెండు బ్యాంకులూ ఒకే దిశలో ఒకేలా పోతే కారణం ఇద్దరికీ ఉమ్మడిగా ఉంది. ఇంజెక్టర్ల లెక్క, గాలి కొలిచే మీటరు పట్టిక, పెట్రోలు పీడనం, గాలి పీల్చే మేనిఫోల్డ్ దగ్గర లీకు, ఇవన్నీ చూడాలి. ఒక్క బ్యాంకే పోతే ఆ వైపు ఇంజెక్టరో, సైలెన్సర్ గొట్టంలో చిల్లో చూడాలి. గొట్టానికి సెన్సార్ ముందు చిల్లు ఉంటే పొగ బయటికి పోవడంతో పాటు, పొగ అలల మధ్య విరామాల్లో గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సార్ నిజాయతీగా లెక్కిస్తుంది. ప్లగ్గు మండని సిలిండర్, అంటే మిస్‌ఫైర్, కూడా ఇదే మాయ చేస్తుంది. మండని పెట్రోలుతో పాటు మండని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సార్‌కు కనిపించేది ఆక్సిజనే కాబట్టి లీన్ అంటుంది, కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది, కన్వర్టర్ లోపల మాడుతుంది.

మిస్‌ఫైర్ అంటే గుర్తొచ్చింది. జీఎం బండ్లలో కంప్యూటర్ మార్చాక క్రాంక్ షాఫ్ట్ చక్రంలోని సహజమైన చిన్న తేడాల్ని కొత్త పెట్టెకు స్కానర్ ద్వారా నేర్పాలి. నేర్పకపోతే పీ1336 వస్తుంది. అది వచ్చినంతకాలం మిస్‌ఫైర్ లెక్కల్ని నమ్మలేం. ఇంకొన్ని బండ్లలో ఇంజిన్ అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. అది పాస్‌లాక్ అనే దొంగతాళం పని, పది నిమిషాల చొప్పున మూడుసార్లు తాళం తిప్పి ఉంచే పద్ధతిలో కుదురుతుంది. దాన్ని ఎమిషన్ సెన్సార్ల ఖాతాలో వేసి వెతికితే రోజులు పోతాయి.

పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఎవాప్ ఏర్పాటులో చిక్కు మరో రకం. అమెరికాలో కొత్త ఎవాప్ నిబంధనలు 1996 నుంచి 1999 మధ్య అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. కాబట్టి ఆ సంవత్సరాల్లో పక్కపక్కన నిలబడిన రెండు ఒకేలాంటి ట్రక్కుల్లో ఒకదాని ట్యాంకులో పీడనం సెన్సార్ ఉండి, మరోదాంట్లో లేకపోవచ్చు. తర్వాతి బండి కంప్యూటర్ ముందటి బండిలోకి వస్తే లేని సెన్సార్ కోసం వెతికి పీ0452 గానీ పీ0453 గానీ రాస్తుంది. ఇక్కడ కొత్త సెన్సార్ కొన్నా దాన్ని బిగించడానికి చోటుండదు. కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ సంగతి కూడా ఇంతే. లేనిదాన్ని ఉందనుకునే పెట్టె అది పనిచేయడం లేదని చెబుతుంది.

చివరికి మిగిలే కోడ్ తరచూ పీ0420. కన్వర్టర్ పనితనం తగ్గిందని దాని అర్థం. కంప్యూటర్ ముందు సెన్సార్ ఊపునూ వెనక సెన్సార్ నిలకడనూ పోల్చి దీన్ని తేలుస్తుంది. కంప్యూటర్ చెడిపోయి చాలాకాలం పెట్రోలు ఎక్కువ పోసి ఉంటే కన్వర్టర్ నిజంగానే కాలిపోయి ఉంటుంది. పాత పెట్టె చేసిన నష్టాన్ని కొత్త పెట్టె కనిపెట్టిందన్నమాట. ఫ్యూయెల్ ట్రిమ్‌లు సరిచేయకముందే ఖరీదైన కన్వర్టర్ మార్చితే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

మెకానిక్కుల లోకం రెండుగా చీలేది ఈ చోటే. ఒక వర్గం, వెనక సెన్సార్ల తనిఖీనే క్యాలిబ్రేషన్‌లో ఆపేస్తే సరిపోతుందంటుంది. భారీ ట్రక్కుకు ఉద్దేశించిన, వెనక సెన్సార్లే లేని పట్టికను తేలికపాటి ట్రక్కులో రాసేవాళ్లు కొందరు. సెన్సార్‌ను అనుకరించే చిన్న పరికరం తగిలించేవాళ్లు ఇంకొందరు. వాళ్ల వాదనలో ఒక నిజం ఉంది. ఇరవయ్యేళ్ల బండి విలువ కంటే కన్వర్టర్ ఖరీదు ఎక్కువయ్యే సందర్భాలు ఉంటాయి. అయినా నేను వాళ్ల పక్షం కాదు. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కింద ఎమిషన్ పరికరాన్ని పనిచేయకుండా చేయడం చట్టవిరుద్ధం. 2020లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన అంచనా ప్రకారం అంతకుముందు దశాబ్దంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో ఈ పరికరాల్ని తొలగించారు. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులకు పైనే. ఆ పొగ పీల్చేది ట్రక్కు యజమాని ఒక్కడే కాదు. పైగా దొరికిపోతారు కూడా. కాలిఫోర్నియా పరీక్ష కేంద్రాలు 2021 జులై నుంచి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ తయారీదారు రాసినదేనా అని కూడా పోల్చి చూస్తున్నాయి.

రెండో వర్గం మాట నాకు సబబు. బండి గుర్తింపు సంఖ్య ప్రకారం తయారీదారు క్యాలిబ్రేషన్‌ను పెట్టెలో రాయించి, ఆ తర్వాత వచ్చే కోడ్లనే నమ్మాలి. ఆ వరుస తప్పితే మిగతా పరీక్షలన్నీ వేరే బండి గురించి చేసినట్టే. కంప్యూటర్ మార్చాక వచ్చిన మొదటి కోడ్లను ఒక కాగితం మీద రాసుకుని, చెరిపేసి, క్యాలిబ్రేషన్ రాయించాక ఏవి తిరిగొచ్చాయో చూడాలి. తిరిగిరానివి పొంతన లేకపోవడం వల్ల వచ్చినవి. తిరిగొచ్చినవాటికి ఎర్తులు, ఫ్యూజులు, 0.45 వోల్టు, ఫ్యూయెల్ ట్రిమ్‌లు వరసగా చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా గాలి గొట్టం దగ్గర కాస్త ప్రొపేన్ వదిలితే మంచి సెన్సార్ వెంటనే 0.8 దాటుతుంది. నిదానంగా కదిలినా, కదలకపోయినా అప్పుడు సెన్సార్‌ను మార్చాలి. అప్పుడు మార్చేది తెలిసి మార్చేది.

అన్నీ సరిచేశాక కూడా బండి వెంటనే పరీక్షకు పనికిరాదు. కోడ్లు చెరిపినా, కంప్యూటర్ మార్చినా స్వయం తనిఖీల పుస్తకం ఖాళీ అవుతుంది. 1996-2000 మోడళ్లకు రెండు తనిఖీలు, 2001 తర్వాతివాటికి ఒకటి పూర్తికాకున్నా ఈపీఏ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియాలో 2000 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకు ఎవాప్ ఒక్కటే మినహాయింపు. ఎవాప్ తనిఖీకి ట్యాంకు మరీ నిండుగా ఉండకూడదు, మరీ ఖాళీగా ఉండకూడదు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో నీటి వేడి, గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి. సగం ట్యాంకుతో సాయంత్రం ఆపిన బండిని తెల్లవారాక చల్లగా స్టార్ట్ చేసి, కాసేపు ఐడిల్‌లో ఉంచి, హైవే మీద నిలకడ వేగంతో నడిపి, బ్రేకు తొక్కకుండా వేగం తగ్గనిచ్చి ఇంటికి తేవాలి. అలా కొన్ని పొద్దులు చేశాక స్కానర్‌లో తనిఖీల గళ్లు ఒక్కొక్కటే నిండుతాయి. ఎక్కువసార్లు ఆఖరున నిండేది ఎవాప్‌దే.